ఇంటి ఫోటోలు, కంప్యూటర్‌లోని కాగితాలు: మూడు నకళ్లు ఎందుకు, ఎలా?

సోలాపూర్, బళ్లారి, బరంపురం, చెన్నై వంటి చోట్ల మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో పాత ఫోటో గోడకు అందం కోసం మాత్రమే కాదు. పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నదానికి చాలాసార్లు ఆ ఫోటో, దాని వెనక తెలుగులో రాసిన రెండు ముక్కలే ఆధారం. ఇప్పుడు ఆ ఫోటోలూ, పిల్లల సర్టిఫికెట్లూ, ఇంటి దస్తావేజుల స్కాన్లూ ఒక్క కంప్యూటర్‌లోనో, ఒక్క సెల్‌ఫోన్‌లోనో ఉంటున్నాయి. దస్తావేజుకు రిజిస్ట్రారు ఆఫీసులో మరో నకలు దొరుకుతుంది. నాయనమ్మ పెళ్లి ఫోటోకు మరో ఆఫీసు లేదు. అందుకే ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

ఎలా పోతాయి?

హార్డ్ డిస్క్ ఎంత ఖరీదైనదైనా ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఫోన్ బస్సులో పోవచ్చు. చిన్నపిల్లలు తెలియక ఫోల్డర్ మొత్తం తీసేయవచ్చు. 2005 జూలైలో ముంబయి, 2015 డిసెంబరులో చెన్నై వరదల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి బరంపురం ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కంప్యూటర్, దాని పక్కనే బీరువాలో పెట్టిన నకలు రెండూ ఒకేసారి పోతాయి.

మూడు, రెండు, ఒకటి

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే చోట. ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. అసలు ఒక చోటికి, కార్బన్ కాపీ ఫైలులోకి, మరొకటి హెడ్డాఫీసుకి వెళ్లేది.

ఇంట్లో ఇలా చేయవచ్చు. మొదటి ప్రతి కంప్యూటర్‌లో. రెండోది విడిగా కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో. మూడోది క్లౌడ్‌లో, లేదా వేరే ఊళ్లో ఉన్న అమ్మాయి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో మరో డిస్క్‌లో. ఒక్కో ఫోటో 4 ఎంబీ అనుకుంటే పదివేల ఫోటోలకు 40 జీబీ చాలు. పెన్‌డ్రైవ్‌ను ఫైళ్లు ఇవ్వడానికి, తీసుకోవడానికే వాడండి. ఏళ్ల తరబడి దాచడానికి నమ్మకండి.

క్లౌడ్ విషయంలో జాగ్రత్తలు

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఈమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడింటికీ కలిపి అంతే. అది నిండితే కొత్త ఫోటోలు చేరవు. గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఒక ఫోటో తొలగిస్తే ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో 60 రోజులు మాత్రం ట్రాష్‌లో ఉంటుంది. అంటే క్లౌడ్ ఒక్కటే ఉంటే చాలదు. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. పెద్దవారి ఖాతాలున్న ఇళ్లలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పాత ఫోటోల స్కాన్

మామూలు సైజు ఫోటోకు 300 డీపీఐ, పాస్‌పోర్ట్ సైజు ఫోటోకు 600 డీపీఐ పెట్టండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, మనుషుల పేర్లు రాయండి. మన పిల్లల్లో చాలామంది చదువు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సాగుతోంది. వెనక ఉన్న తెలుగు రాత వాళ్లకు అందకపోవచ్చు. చదవగలిగిన పెద్దలు ఉండగానే చదివించి, ఆ మాటలను కంప్యూటర్‌లో ఎక్కించండి. పేర్లు లేని ఫోటోకు ఎన్ని నకళ్లున్నా ఎవరిదో తెలియదు. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపితే నాణ్యత తగ్గదు.

పాత తెలుగు ఫైళ్లు

సంఘాల సావనీర్లు, శుభలేఖలు, వంశవృక్షాలు ఒకప్పుడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేయించేవారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్ ఉన్న చోటే తెరిచి పీడీఎఫ్‌గా దాచండి. వీలైతే యూనికోడ్‌లోకి మార్పించండి.

దొంగల నుంచి రక్షణ

2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఇలాంటివి కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలవు. కాబట్టి నకలు తీయగానే డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవారు మార్పు గురించి ఆలోచించాలి. ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ‘బ్యాంకు నుంచి’ అంటూ ఫోన్ చేసి ఏదో యాప్ వేసుకోమంటే పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఏ రాష్ట్రంలో ఉన్నా నంబరు అదే.

ఏడాదికి రెండుసార్లు

ఆయుధపూజ నాడు చాలా ఇళ్లలో కంప్యూటర్‌కూ బొట్టు పెడతాం. ఆ రోజూ, ఉగాది రోజూ డిస్క్ తగిలించి కొత్తవి చేర్చండి. పాతవాటిలో పది ఫోటోలైనా తెరిచి చూడండి. తెరుచుకోని నకలు నకలు కాదు. డిస్క్ ఎక్కడుందో, పాస్‌వర్డ్‌లు ఏ పుస్తకంలో రాసి ఉన్నాయో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.