ఎనిమిదింటికి సైగల్

దేవదాసు అనగానే మీకెవరు గుర్తొస్తారు? పెద్దవాళ్ళయితే నాగేశ్వరరావు అంటారు. పిల్లలనడిగితే షారుఖ్ ఖాన్ అంటారు. సైగల్ అనేవాళ్ళు ఎన్నిళ్ళలో ఉన్నారు చెప్పండి! ఒకప్పుడు హిందీ దేశంలో దేవదాసంటే సైగలే, సైగలంటే దేవదాసే.

కుందన్ లాల్ సైగల్ 1904లో జమ్మూలో పుట్టాడు. రైల్వేలో టైమ్ కీపర్‌గా చేశాడు. రెమింగ్టన్ టైపు మిషన్లు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగాడు. చివరికి కలకత్తా న్యూ థియేటర్స్‌లో కుదురుకున్నాడు. 1935లో పి.సి. బారువా తీసిన హిందీ 'దేవదాస్'తో దేశమంతటికీ అయినవాడైపోయాడు.

అంతగా ఏముంది ఆ గొంతులో? నాటకాల్లో పాడేవాళ్ళు ఆఖరి బెంచీవాడికి వినపడాలని గొంతెత్తి పాడే రోజులవి. సైగల్ మైకుని నమ్ముకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్ళతో కష్టం చెప్పుకుంటున్నట్టు, మెల్లిగా పాడాడు. వేలమందిలో కూర్చున్నా, ఎవరికి వారికే పాడుతున్నట్టుండేది.

పాపం, తాగుడు ఆయన్ని బతకనివ్వలేదు. 1946లో 'షాజహాన్' వచ్చింది. 1947 జనవరి 18న జలంధర్‌లో కన్నుమూశాడు. అప్పటికాయనకి నిండా నలభైమూడేళ్ళు లేవు.

ఈలోగా సినిమా పద్ధతే మారిపోయింది. నటించేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు అయ్యారు. మన 1953 'దేవదాసు'నే చూడండి. ముఖం నాగేశ్వరరావుది, గొంతు ఘంటసాలది. 1955 హిందీ సినిమాలో ముఖం దిలీప్ కుమార్‌ది, గొంతు తలత్ మహమూద్‌ది. సైగల్ ఒక్కడే మోసిన బరువుని ఇద్దరేసి పంచుకున్నారు. మెల్లిగా పాడటమూ అందరి సొత్తయిపోయింది. 1945లో 'పహలీ నజర్'లో ముకేష్ పాడిన పాట విని, సైగలే పాడాడనుకున్నవాళ్ళున్నారు. ఆయన చూపిన దారి రహదారి అయ్యాక, ముందు నడిచిందెవరని అడిగేదెవరు?

అయినా ఆయన్ని చాలాకాలం నిలబెట్టింది రేడియో సిలోన్. రోజూ పొద్దున్న హిందీలో పాత పాటలు వేసి, ఎనిమిదవుతుందనగా ఆఖరిపాట సైగల్‌దే వేసేవారు. మా అమ్మ తరంవాళ్ళకి అది పాటే కాదు, గడియారం కూడా. సైగల్ మొదలెట్టాడంటే ఆఫీసు కారియరు సర్దెయ్యాలి, పిల్లల జడలు ముగించాలి. హిందీ ముక్క రానివాళ్ళు కూడా ఆ మూడు నిమిషాలూ చేతిలో గరిటె ఆపి వినేవాళ్ళు. ఆ పాట కావాలని వాళ్ళెవరూ అడగలేదు. వద్దనీ అనలేదు. వినగా వినగా అయినవాడయ్యాడు, అంతే.

తర్వాతి రోజుల్లో మిమిక్రీ చేసేవాళ్ళకి ఆ గొంతు నవ్వులాట అయింది. ముక్కుతో రెండు ముక్కలు లాగి పాడితే చాలు, చప్పట్లు.

ఇవాళ ఆయన పాటలు మన ఫోనులోనే ఉన్నాయి. ఏ అర్ధరాత్రి కావాలన్నా వినొచ్చు. కానీ పేరు తెలిస్తేగదా వెతుక్కునేది! మనకి నచ్చినవే మనం పెట్టుకుంటాం, పిల్లలకి నచ్చినవి వాళ్ళు పెట్టుకుంటారు. ఒకరి పాట ఒకరి చెవిన పడకుండా తీగలు కూడా దొరికాయి. సైగల్ పాటకేం లోటు రాలేదు. ఎనిమిదింటికి ఇంటిల్లిపాదికీ వినపడేలా వేసేవాళ్ళే లేరు.