ఖాళీ గూడు చెప్పే చరిత్ర

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ‘మంగాకా’ అనే చెక్క విగ్రహం ఫొటోలున్నాయి. ఎత్తు 118 సెంటీమీటర్లు. చేతులు నడుముకు ఆనించి, కాస్త ముందుకు వంగి, తెల్లటి పింగాణీ కళ్లతో ఎదుటివాణ్ని నిలదీస్తున్నట్టు ఉంటుంది. ఒంటినిండా ఇనుప మేకులు, చీలలు, కత్తి ముక్కలు. పొట్టలో గూడు మాత్రం ఖాళీ. మొదటిసారి చూసేవారి చూపు మేకుల మీదే నిలిచిపోతుంది గానీ, అసలు కథ ఆ గూట్లో ఉంది. ఆఫ్రికాలోని కొంగో, యోరుబా ప్రజల పూజావస్తువులను ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు శిల్పి పనితనంతో పాటు, ఇంకా చెప్పాలంటే అంతకన్నా ఎక్కువగా, వాడకం మిగిల్చిన గుర్తులనూ తీసేసినవాటి జాడలనూ వెతకాలన్నది నా వాదన. అలా వెతికేవారికి మ్యూజియంలోని అద్దాల బీరువా కన్నా కంప్యూటర్ తెరే ఎక్కువ చెబుతుంది.

ఇప్పటి రెండు కాంగో దేశాల్లోనూ అంగోలాలోనూ విస్తరించిన కొంగో ప్రాంతంలో ఇలాంటి వస్తువును ‘న్కిసి’ అంటారు. శిల్పి చెక్కినంతవరకు అది ఉత్త కట్టె. ‘న్గాంగా’ అనే క్రతు నిపుణుడు తెల్లమట్టి, గింజలు, మరికొన్ని దినుసులు కలిపిన ‘బిలోంగో’ను పొట్టలోని గూట్లో ఉంచి మూసినప్పుడే దానికి శక్తి వస్తుంది. తెల్లమట్టిని చనిపోయినవారి లోకానికి గుర్తుగా భావిస్తారు. తగాదా తీరినా, ఒప్పందం కుదిరినా, ప్రమాణం చేసినా విగ్రహంలో ఒక మేకు దిగేది. మాట తప్పినవాణ్ని వెంటాడి పట్టుకోవడం ఆ విగ్రహం పని. అంటే ఆ మేకులు లెక్కపెడితే ఒక ప్రాంతం తన గొడవలను ఎన్నిసార్లు సర్దుకుందో తెలుస్తుంది. వీటిని క్షుద్రపూజల బొమ్మలుగా చూసిన మిషనరీలకు, తమ అధికారానికి అడ్డుగా చూసిన వలస అధికారులకు ఈ సంగతి పట్టలేదు. 19వ శతాబ్దం చివర్లో ఎన్నింటినో స్వాధీనం చేసుకున్నారు. 2015లో మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రపంచంలో మిగిలిన సుమారు 20 మంగాకా విగ్రహాల్లో 15ను ఒకచోట చేర్చి ప్రదర్శించింది. ఆ సందర్భంగా జరిగిన పరిశోధనలో తేలిందేమిటంటే, చాలా విగ్రహాలను పరాయివాళ్ల చేతుల్లో పెట్టేముందే వాటిలోని బిలోంగోను కావాలనే తీసేశారు. ప్రాణప్రతిష్ఠ, ఉద్వాసన తెలిసిన మనకు ఇది వెంటనే బోధపడుతుంది. యూరప్ వాళ్లకు దక్కింది ఉద్వాసన చెప్పిన విగ్రహం. అందుకే ఆ ఖాళీని నేను నష్టంగా మాత్రమే చూడలేను, ఓడిపోతున్న ప్రజలు తీసుకున్న నిర్ణయంగా చూస్తాను.

యోరుబా ‘ఇబెజి’ బొమ్మల్లో కనిపించే అరుగుదలకూ ఇలాంటి విలువే ఉంది. నైరుతి నైజీరియాలోని యోరుబాల్లో కవల జననాలు ప్రపంచంలోనే చాలా ఎక్కువ. కవలల్లో ఒకరు చనిపోతే, జోస్యం చెప్పే ‘బాబలావో’ సలహా మేరకు జానెడు బొమ్మ చెక్కించేవారు. పోయింది పసిబిడ్డ అయినా బొమ్మకు పెద్దవాళ్ల రూపమే ఇచ్చేవారు. తల్లి దానికి స్నానం చేయించి, ఎర్రటి కలప పొడి పులిమి, తిండి పెట్టి, బతికున్న బిడ్డతో పాటే సాకేది. బ్రిటిష్ మ్యూజియం వంటి చోట్ల ఇవి పెద్దసంఖ్యలో ఉన్నాయి. ఒక ఫొటోను పెద్దది చేసి చూడండి. ముక్కు, కళ్లు, పెదవులు దాదాపు చెరిగిపోయి ముఖం నున్నగా ఉంటుంది. జుట్టు సందుల్లో నీలం రంగు కనిపిస్తుంది. కొన్నింటికి పూసింది ఇంగ్లండ్ నుంచి దిగుమతైన రెకిట్స్ నీలిమందు. బట్టలకు పెట్టే ఆ నీలం బిడ్డ తలకు అలంకారమైంది! కేటలాగులో ‘చెక్క, రంగు, పూసలు’ అని మూడు ముక్కలుంటాయి. ఆ ముఖం ఎన్నేళ్లు నిమిరితే అరిగిందో మూడింట్లో ఏదీ చెప్పదు.

ఫొటో చూసి పూజావస్తువును అర్థం చేసుకోవడం సాధ్యమా అనే అభ్యంతరం బలమైనదే. యోరుబాల ‘ఎగుంగున్’ అనే క్రతు వేషంలో పొరలు పొరలుగా కుట్టిన బట్టలు మనిషి గిర్రున తిరిగితేనే విచ్చుకుంటాయి, హ్యాంగరుకు తగిలించి తీసిన ఫొటోలో ఆ ఊపు ఉండదు. నిజమే, కానీ అద్దాల బీరువాలోనూ ఉండదు. వెబ్‌సైట్ కనీసం వెనకవైపును, స్కాన్ చిత్రాన్ని, పక్కన రాతపత్రాలను చూపగలదు. స్వీడిష్ మిషనరీ కార్ల్ లామన్ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కొంగో ఉపాధ్యాయులతో వాళ్ల భాషలోనే న్కిసిల గురించి నోటుపుస్తకాలు నింపించాడు. మానవశాస్త్రజ్ఞుడు వైయట్ మెక్‌గాఫీ 1991లో వాటి నుంచి ఒక పుస్తకం తెచ్చాడు. ఆ మాటలు చదివి బొమ్మ చూస్తే చూపే మారిపోతుంది. ఇక అన్నీ అందరికీ చూపొచ్చా అనే ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. యోరుబా రాజు పూసల కిరీటం లోపలి భాగాన్ని రాజే చూడకూడదంటారు. అలాంటిదాన్ని తిరగేసి ఫొటో పెట్టేముందు అక్కడివారిని అడగడం కనీస మర్యాద. యోరుబాలకు పొరుగువారైన ఎడో ప్రజల కళను 2022లో ‘డిజిటల్ బెనిన్’ వేదిక ఆన్‌లైన్‌లోకి తెచ్చినప్పుడు ఎడో పేర్లను, స్థానికుల మౌఖిక కథనాలను అందులో చేర్చింది. ఆ పద్ధతి అందరూ అనుసరించదగ్గది.

ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, వస్తువులు తిరిగివ్వడం ఎందుకు అని వాదించేవారూ ఉన్నారు. దీన్ని నేను బొత్తిగా ఒప్పుకోను. బ్రస్సెల్స్ పక్కన తెర్వురెన్ మ్యూజియంలో ఉన్న ఒక న్కిసిని 1878లో కాంగోలోని బోమా దగ్గర బెల్జియన్ వ్యాపారి అలెగ్జాండర్ డెల్కమ్యూన్ దాడిచేసి ఎత్తుకుపోయాడు. స్థానిక అధిపతి నే కుకో తిరిగివ్వమని అడిగితే ఇవ్వలేదు. ఈ సంగతి డెల్కమ్యూన్ జ్ఞాపకాల పుస్తకంలోనే ఉంది. ఇలాంటి వివరం ఫొటో పక్కన చేరితే అది వాపసు అడిగేవారి చేతికి ఆధారం అవుతుంది. 2022 ఫిబ్రవరిలో బెల్జియం ప్రభుత్వం సుమారు 84,000 వస్తువుల జాబితాను డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో ప్రధానికి అందజేసింది, అదే ఏడాది వాపసుకు చట్టం చేసింది. జాబితా లేకుండా ఏం అడగాలో ఆ దేశ రాజధాని కిన్షాసాలోని పరిశోధకులకు ఎలా తెలుస్తుంది? కాబట్టి ప్రతి మ్యూజియం ప్రతి వస్తువు పక్కనా ఎవరు, ఎప్పుడు, ఎలా తెచ్చారో రాయాలి. ఆ రాత ఇంగ్లిష్, ఫ్రెంచ్‌లతో ఆగకుండా కికొంగోలో, యోరుబాలో కూడా ఉండాలి.