సిమ్‌లింక్ ఎందుకు తెగుతుంది? 1983 నాటి ఒక నిర్ణయం కథ

లైనక్స్‌లో ఎల్ఎన్ మైనస్ ఎస్ కొట్టాం, ఎర్రర్ ఏమీ రాలేదు, లింక్ వచ్చేసింది. తీరా తెరిస్తే అలాంటి ఫైలే లేదంటుంది. ఫైల్ కళ్లముందే ఉంది కదా, మరి ఎందుకు దొరకట్లేదు? జవాబు కోసం యూనిక్స్ పుట్టిన రోజులకి వెళ్దాం.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. అందులో ఫైల్ వేరు, ఫైల్ పేరు వేరు. అసలు ఫైల్‌కి ఐనోడ్ నంబర్ ఉంటుంది. డైరెక్టరీ అంటే ఏ పేరుకి ఏ నంబరో రాసిపెట్టుకున్న పట్టిక, అంతే. ఒకే నంబర్‌కి రెండు పేర్లు రాస్తే అది హార్డ్ లింక్. ఇంట్లో చిన్నోడు అని పిలిచినా, స్కూల్ రిజిస్టర్‌లో ఇంకో పేరున్నా మనిషి ఒక్కడే కదా, అలాగ. 1971లో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఎల్ఎన్ కమాండ్ ఉంది.

కానీ ఐనోడ్ నంబర్ ఒక ఫైల్ సిస్టమ్ లోపలే చెల్లుతుంది. ఇక్కడ 500 ఒక ఫైల్, పక్క డిస్క్‌లో 500 ఇంకో ఫైల్. అందుకే డిస్క్ దాటి హార్డ్ లింక్ వెయ్యలేం. మామూలు యూజర్ డైరెక్టరీలకి కూడా వెయ్యలేడు.

ఈ ఇబ్బందికి బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు 1983లో 4.2 బీఎస్‌డీతో పరిష్కారం ఇచ్చారు. అదే సింబాలిక్ లింక్. ఆలోచన పూర్తిగా కొత్తది కాదు, 1960లలోనే మల్టిక్స్ సిస్టమ్‌లో ఇలాంటి లింకులున్నాయి. బర్క్‌లీ వాళ్లు చేసింది ఏంటంటే, ఒక చిన్న ఫైల్‌లో అడ్రస్ రాసిపెట్టారు. నంబర్ కాదు, ఉత్త అక్షరాలు. ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా లేదా అని లింక్ చేసేటప్పుడు ఎవరూ చూడరు. తెరిచినప్పుడే వెతుకుతారు. డిస్క్ దాటే స్వేచ్ఛ వచ్చింది, గ్యారంటీ పోయింది. మనం చేసే పొరపాట్లన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మొదటిది అడ్రస్. స్లాష్‌తో మొదలవని పాత్ ఇస్తే, దాన్ని మీరు నిలబడ్డ చోటు నుంచి కాదు, లింక్ ఉన్న చోటు నుంచి చదువుతారు. 1984లో మెక్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ రాసిన పేపర్‌లోనే ఈ రూల్ ఉంది. 'ఎడమవైపు మూడో ఇల్లు' అని చీటీ రాసి, దాన్ని వేరే వీధిలో ఇంకొకరి చేతిలో పెడితే ఏమవుతుంది? ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో నిలబడి, బిన్ లోపల లింక్ పెడుతూ 'డేటా స్లాష్ లిస్ట్' అని రాస్తే, సిస్టమ్ బిన్ లోపల డేటా కోసం వెతుకుతుంది. అక్కడ రాయాల్సింది 'డాట్ డాట్ స్లాష్ డేటా స్లాష్ లిస్ట్'. ఈ లెక్క మనకి తప్పించడానికే 2012లో గ్నూ ఎల్ఎన్‌కి మైనస్ ఆర్ ఆప్షన్ వచ్చింది.

రెండోది వరస. కాపీ కమాండ్‌లాగే ముందు ఉన్నది, తర్వాత కొత్తది. తిరగేస్తే మామూలుగా 'ఆ పేరుతో ఫైల్ ఉంది' అని ఆగిపోతుంది. కానీ మైనస్ ఎఫ్ కూడా కలిపారనుకోండి, అసలు ఫైల్‌నే తీసేసి, ఆ స్థానంలో ఎక్కడికీ పోని లింక్ పెడుతుంది. బ్యాకప్ లేకపోతే డేటా పోయినట్టే.

మూడోది సర్వర్లలో ఎక్కువ. 'కరెంట్' అనే లింక్ పాత వెర్షన్ ఫోల్డర్‌ని చూపిస్తోంది. కొత్తదానికి మార్చుదామని మైనస్ ఎస్ఎఫ్ కొడితే, ఎల్ఎన్ ఆ లింక్ వెంబడే వెళ్లి, పాత ఫోల్డర్ లోపల కొత్త లింక్ పెట్టి వస్తుంది. ఎర్రర్ ఉండదు, సైట్ మాత్రం పాతదే నడుస్తుంది. మైనస్ ఎస్ఎఫ్ఎన్ అని ఎన్ కలిపితే లింక్‌నే మారుస్తుంది.

కాబట్టి కమాండ్ మౌనంగా ఉందంటే పని అయిందని కాదు, అడ్రస్ రాసుకుందని మాత్రమే. లింక్ వేయగానే ఎల్ఎస్ మైనస్ ఎల్‌తో బాణం ఎటు చూపిస్తోందో చూడండి, క్యాట్‌తో ఒకసారి తెరవండి. 1983లో వాళ్లు సిస్టమ్ మీద పెట్టని బాధ్యత మన మీదే ఉంది.