యానాంలో ఇంటికి పునాది చలికాలంలోనే ఎందుకు?



కార్తీకం వచ్చిందంటే మన గ్రూపులో శంకుస్థాపన ఫొటోలు మొదలవుతాయి. పసుపు రాసిన ఇటుకలు, కొబ్బరికాయ, పంతులుగారు, పక్కన పలుగు పట్టుకున్న మేస్త్రి. అందరం శుభాకాంక్షలు చెప్పుకుంటాం. సొంతిల్లు అంటే అంత సంతోషం మరి! అయితే మన పెద్దలు ఇంటి పని చలికాలంలోనే ఎందుకు మొదలుపెట్టేవారో, ఆ తొలి నెలల్లో ఏం చేసేవారో ఒకసారి చెప్పుకోవాలి. ముహూర్తం ఒక్కటే కారణం అనుకుంటే సగమే తెలిసినట్టు.

ముందు మన ఊరు ఎక్కడుందో గుర్తుచేసుకుందాం. గౌతమి సముద్రంలో కలవడానికి కాస్త ముందు, కోరంగి పాయ విడిపోయే చోట ఉన్నాం. 1723లో ఫ్రెంచివారు ఇక్కడ కాలు పెట్టింది నదీ సముద్రమూ రెండూ అందుబాటులో ఉన్నాయనే. 1954 నవంబరు 1న వాళ్ల పాలన పోయింది. నీళ్ల పాలన మాత్రం పోలేదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద. అది తగ్గిందనుకునేలోపు అక్టోబరు, నవంబరు తుఫాన్లు. 1839 నవంబరులో పక్కనే ఉన్న కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మనలో చాలామంది కళ్లారా చూసిందే. 2022 జూలైలో వరద మళ్లీ మన పల్లపు వీధుల్లోకి వచ్చింది. అంటే ఏడాదిలో సగం రోజులు మన నేల మన చేతిలో ఉండదు. గొయ్యి తవ్వితే నీరు ఊరుతుంది, గట్టు విరిగి పడుతుంది. డిసెంబరు దాటాకే నేల మళ్లీ మనకు దక్కుతుంది.

ఇక పంట సంగతి. సార్వా కోతలు, కుప్పలు, నూర్పిళ్లు అన్నీ మార్గశిరం, పుష్యం చుట్టూనే సాగుతాయి. ఆ రోజుల్లో కూలి దొరికేవాడు కాదు, బండి దొరికేది కాదు. సరిగ్గా అప్పుడే ధనుర్మాసం. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలు ఉండవు. ఈ నియమం మన డెల్టా కోసం పుట్టినది కాదు, పంచాంగం పాటించే ప్రతిచోటా ఉన్నదే. కానీ మన నేలకు చక్కగా అతికింది. కార్తీకంలో శంకుస్థాపన చేసి ముగ్గు పోసి వదిలేసేవారు. ధనుర్మాసంలో ధాన్యం ఇంటికి చేరేది. మాఘం వచ్చేసరికి చేతిలో నాలుగు డబ్బులు ఉండేవి, కూలీలు ఖాళీ అయ్యేవారు, ఎండిన చేల మీదుగా బండి నడిచేది. అసలు తవ్వకం అప్పుడు మొదలయ్యేది.

సామాను కూడా అప్పుడే అందేది. మనది ఒండ్రు నేల, రాయి పుట్టదు. 1847 నుంచి 1852 దాకా కట్టిన ఆనకట్టకు ధవళేశ్వరం కొండల రాయి వాడారు గానీ, దిగువన మామూలు ఇంటికి రాయి తెప్పించడం తలకు మించిన పని. అందుకని మనకు ఇటుకే ఆధారం. పచ్చి ఇటుక ఆరాలంటే వానలు ఆగాలి, కాల్చాలంటే ఊక కావాలి. ఊక రావాలంటే వడ్లు మిల్లుకు వెళ్లాలి. సిమెంటు రాకముందు సున్నమే. గుల్లలు కాల్చి, ఇసుక కలిపి, ఎద్దుల చేత గానుగ తిప్పించేవారు. ఈ సున్నం నిదానంగా గట్టిపడే సరుకు. మండుటెండకు గబుక్కున ఆరిపోతే పొడిగా రాలుతుంది. చలికాలపు మంచు, మెత్తని ఎండ దానికి బాగా సరిపోతాయి.

మన నల్ల బంకమట్టి స్వభావం కూడా చెప్పుకోవాలి. నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మే నెలలో నెర్రెలిచ్చిన నేల మీద పునాది వేస్తే, జూలైలో అదే నేల ఉబ్బి గోడను పైకి తోస్తుంది. వానల్లో వేస్తే ఎండాకాలంలో కిందికి దిగుతుంది. చలికాలంలో నేల ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. అందుకే మేస్త్రీలు అప్పుడు తవ్వి, అడుగున ఇసుక పరిచి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టి, దాని మీద ఇటుక వరసలు వేసేవారు. అడుగున వెడల్పుగా మొదలై పైకి వచ్చేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడే పునాది అది. ఇంటి బరువు ఒకచోట పడకుండా నేల మీద పరుచుకునేందుకు ఆ వెడల్పు.

మనకే ప్రత్యేకమైన కారణం ఇంకొకటి ఉంది. అదే ఉప్పు. వరద కాలంలో గౌతమి నిండా తీపి నీరు. ప్రవాహం తగ్గేకొద్దీ సముద్రపు పోటు పైకి ఎక్కి, ఎండాకాలానికి మన దగ్గర నది ఉప్పబారుతుంది. చలికాలం మొదట్లో పని పెట్టుకుంటే మంచి నీరు దొరికేది. సున్నం రోజుల్లో ఉప్పునీటితో కడితే గోడకు చౌడు పట్టేది. ఇనుము వచ్చాక ముప్పు ఇంకా పెరిగింది. ఉప్పు కాంక్రీటు లోపలి చువ్వకు తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మన బోరు నీరు ఒకసారి పరీక్ష చేయిస్తే ఖర్చు పెద్దగా కాదు.

ఇప్పుడు ఏడాది పొడవునా సిమెంటు దొరుకుతుంది, లారీ గుమ్మం దాకా వస్తుంది, మోటారు పెట్టి గోతిలో నీరు తోడేయొచ్చు. కాబట్టి కాలంతో పనేముంది అనిపించవచ్చు. సిమెంటుకు కూడా చలికాలమే మేలు. మన చలి గడ్డకట్టించే చలి కాదు, సిమెంటు పట్టుకు అడ్డం రాదు. నీరు త్వరగా ఆవిరైపోదు కనుక తడి నిలుస్తుంది. అలాగని మంచు పడుతోంది కదా అని నీళ్లు కొట్టడం మానకూడదు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు తడి ఆరకుండా చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంటి మట్టం. పాత పెంకుటిళ్ల అరుగులు గుర్తున్నాయి కదా? మూడు నాలుగు మెట్లు ఎక్కితే గాని గుమ్మం రాదు. సాయంత్రం కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి కట్టినవి అనుకుంటాం. అది తరువాతి సుఖం. అసలు సంగతి, తాత చూసిన వరద మనవడి మంచం ఎక్కకూడదని! ఆ ఎత్తులో ఒక కుటుంబం నీటి జ్ఞాపకమంతా దాగి ఉంది. మట్టి పొరలు పొరలుగా నింపి, తడిపి, దిమ్మిస కొట్టి, వీలైనవారు ఒక వానాకాలం అలాగే వదిలేసేవారు. దిగాల్సిన మట్టి దిగాకే పైపని.

ఈ జ్ఞాపకం ఇప్పుడు పోతోంది. పాత ఇళ్లు పడగొడుతున్నాం, వాటితోపాటు గోడ మీది నీటి గుర్తులూ పోతున్నాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి లేస్తోంది, ఇల్లు పల్లమవుతోంది. బడ్జెటు చాలకపోతే మనం మొదట కోత పెట్టేది భూమిలోకి పోయే ఖర్చుకే, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు. ముందు గోడ టైల్స్ పదేళ్ల తరువాత కూడా మార్చుకోవచ్చు. ఇంటి మట్టం మాత్రం ఒకసారి ఖాయమైతే ఖాయమే.

కాబట్టి ఈ చలికాలం పని మొదలుపెడుతున్న సభ్యులకు మన విన్నపం. ముగ్గు పోసే ముందు మీ వీధిలో పెద్దవాళ్లను అడగండి: 1986లో నీరు ఎక్కడిదాకా వచ్చింది, 1996లో ఎక్కడిదాకా, 2022లో ఎక్కడిదాకా? ఆ గీతకు పైన మీ గుమ్మం పెట్టండి. మనం ఎత్తు పెంచుకుంటే నీరు పక్కింటి మీద పడకుండా చుట్టూ కాలువకు చోటు వదలండి. పక్కవాడు మునిగితే మనం తేలినట్టు కాదు.

మిగతా సభ్యులు మీ ఇంట్లో, మీ తాతల ఇంట్లో నీరు ఎన్నో మెట్టు దాకా వచ్చిందో, ఏ ఏడాదో కింద రాయండి. వీధి పేరు కూడా చేర్చండి. అన్నీ ఒకచోట చేర్చి దాచుకుందాం. మాఘంలో పునాది తీసేవారికి అంతకు మించిన కొలత ఏ మేస్త్రీ ఇవ్వలేడు.