వేరు వేరు వేర్ల కారు

ఏలూరు పక్కగా పోయే జాతీయ రహదారి మీద పరుగెత్తే కారు కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ నేల మీద కారు ఉంది. కారుమబ్బులో అది నలుపు, కారుచిచ్చులో అడవి. గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా అని వరికి విడి పేర్లున్నా, రెండు కార్లు పండే భూమి అంటే కొల్లేటి రైతుకు రెండు పంటలే. వాన రోజున తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ‘కారుతోంది, ఆ బస్తా జరుపు’ అంటే అందరి చూపూ పైకప్పు మీదికే పోతుంది. ‘వాళ్లు పరాయివాళ్లు కారు’ అన్నప్పుడు అది ‘అగు’ క్రియకు వ్యతిరేక రూపం. రాత ఒకటే అయినంత మాత్రాన వీటన్నిటినీ ఒకే మూలానికి ముడిపెట్టడం తగదు.

తర్వాత పారసీకం వచ్చింది. సర్ అంటే తల, కార్ అంటే పని. రెండూ కలిస్తే సర్కారు. మొగలుల పాలనలో అది పరగణాలున్న రెవెన్యూ విభాగం. స్వర్ణకారుడిలోని సంస్కృత ‘కార’కూ ఈ కార్‌కూ మాత్రం నిజమైన చుట్టరికం ఉంది, రెండూ చేయడం అనే ఒకే పాత ధాతువు బిడ్డలు. తెలుగులోకి వేరు వేరు దారుల్లో వచ్చాయి గనుక మనం ఆ సంగతి గమనించం.

ఏలూరు సర్కారు 1753లో దక్కన్ పాలకుడు సలాబత్ జంగ్ ఇవ్వగా ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికి వెళ్లింది. 1759 నాటికి ఫ్రెంచివారి పట్టు సడలింది. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి సర్కార్లను కట్టబెట్టాయి. ఆ రెండు జాతుల భాషల్లోనూ సీ, ఏ, ఆర్ అనే మూడక్షరాల మాట ఉంది. ఇంగ్లీషులో అది బండి. గాలిష్ భాష నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. ఫ్రెంచిలో ‘ఎందుకంటే’ అని. లాటిన్ ‘క్వారే’ దాని మూలం. ఫ్రెంచివారు ఇంగ్లీషు బండినీ తర్వాత తెచ్చుకుని దూరప్రయాణపు బస్సుకు వాడుకున్నారు. వాళ్ల నిఘంటువులోనూ ఇప్పుడు రెండు కార్లు.

బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. బెంజ్ మోటారు బండికి పేటెంటు 1886లో. అంటే బ్రౌన్ నాటి తెలుగు కారుకు ఇంకా పెట్రోలు అంటలేదు. మోటారు కారు మనకు అన్నిటికన్నా చివరగా వచ్చిన కారు. వచ్చాక మాత్రం పాత కార్లతో పాటు తెలుగు బహువచనమే పుచ్చుకుంది: కార్లు.