సోలార్ ప్యానెల్ పక్కన అద్దం పెడితే ఏమవుతుంది? 40 ఏళ్ల కింద పెట్టి చూశారు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. డాబా మీద సోలార్ పెట్టించుకున్న వాళ్లకి ఒక డౌట్ వస్తుంటుంది. ప్యానెల్‌కి అటూ ఇటూ అద్దాలు పెట్టి ఇంకొంత ఎండ దాని మీదకి మళ్లిస్తే కరెంట్ పెరగదా?

ఈ ఐడియా పాతదే. 1980ల మొదట్లో సోలార్ సెల్ చాలా ఖరీదు, అద్దం చవక. అందుకని ఆర్కో సోలార్ అనే కంపెనీ కాలిఫోర్నియాలోని కారిసా ప్లెయిన్స్‌లో సూర్యుడి వెంట తిరిగే స్టాండ్ల మీద ప్యానెళ్లు, వాటి పక్కన అద్దాలు పెట్టి 5.2 మెగావాట్ల ప్లాంట్ కట్టింది. అప్పటికి ప్రపంచంలో అదే పెద్దది.

కొన్నేళ్లకే ప్యానెళ్లు గోధుమ రంగులోకి మారాయి! సెల్‌కీ గాజుకీ మధ్య ఈవీఏ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. అద్దాల వల్ల పెరిగిన వేడికి, అల్ట్రావయొలెట్ కిరణాలకి అది పాడైపోయింది. కరెంట్ పడిపోయింది. 1990లలో ప్లాంట్ విప్పేసి పాత ప్యానెళ్లు అమ్మేశారు.

రంగు మారడం బయటికి కనిపించేది. లోపల ఇంకో గొడవ ఉంది. అద్దం నుంచి వచ్చే వెలుగు అన్ని సెల్స్ మీద సమానంగా పడదు. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ సిరీస్‌లో ఉంటాయి. హైవే మీద సింగిల్ లైన్‌లో ముందు లారీ స్లోగా పోతుంటే వెనక కారు ఎంత మంచిదైతే ఏం లాభం? అట్లనే తక్కువ వెలుగు పడ్డ సెల్ మిగతా వాటి కరెంట్‌ని ఆపేస్తుంది. ఆగిన పవర్ అంతా వేడిగా మారుతుంది. ఆ వీక్ సెల్ అయితే మరీ కాలిపోతుంది, దాన్నే హాట్ స్పాట్ అంటారు. దాని నుంచి కాపాడటానికే ప్యానెల్ వెనక డబ్బాలో బైపాస్ డయోడ్లు పెడతారు.

ఒకే సెల్‌లో ఒక మూల ఎక్కువ వెలుగు పడినా నష్టమే. అక్కడ పుట్టిన కరెంట్ సన్నటి వెండి గీతల్లోంచి పోవాలి. కరెంట్ 2 రెట్లయితే ఆ గీతల్లో నష్టం 4 రెట్లు.

ఇక వేడి. ప్యానెల్ మీద రాసిన వాట్స్ 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పోతుంది. మన ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకి చేరిందనుకోండి, 16 శాతం గోవిందా. అద్దాలు లేకుండానే!

మరి ఎండని ఒకచోటికి తేవడం వేస్టా? కాదు. 2014లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 508 రెట్ల ఎండలో 46 శాతం సామర్థ్యం చూపించింది. అయితే అది లెన్స్ కింద పెట్టే చిట్టి సెల్, మన ప్యానెల్ లాంటిది కాదు. ఈలోపు మామూలు ప్యానెల్ రేటే పడిపోయింది. నా లెక్కలో ఆ టెక్నాలజీని ఓడించింది వేడి కంటే ధరే. అదే 2014లో మన అనంతపురంలో 50 మెగావాట్ల మేఘా ప్లాంట్ మొదలైంది. అక్కడ అద్దాలు ఎండని మళ్లించేది సెల్ మీదకి కాదు, పైపు మీదకి. పైపుకి కావాల్సిందే వేడి కదా!

మీ డాబా మీద అయితే అద్దాలు వద్దు. ప్యానెల్ కింద గాలి ఆడనివ్వండి, వాటర్ ట్యాంక్ నీడ ఒక్క సెల్ మీద కూడా పడకుండా చూసుకోండి.