పొట్టలో మిగిలిపోయిన జన

ఇక్కడి పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక ఎలాగూ చచ్చిపోతుంది. మన పులసలాగే సముద్రం వదిలి మంచినీటికి ఎదురీదుతుంది గానీ, దీనికి తిరుగు ప్రయాణం లేదు. అందుకే వాగులో చచ్చిన సాల్మన్ కనబడితే ఎవరూ కంగారుపడరు.

సియాటిల్‌లో కంగారు మొదలైంది పొట్ట కోసి చూశాక. 1990లలో నగరం లాంగ్‌ఫెలో క్రీక్ లాంటి వాగుల్ని బాగుచేసింది. కోహో రకం సాల్మన్ తిరిగొచ్చాయి కూడా. తీరా చచ్చిన ఆడచేపని కోస్తే పొట్ట నిండా జన అలాగే ఉంది. చచ్చేముందు అవి నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ, దిక్కు తెలియనట్టు గిరగిరా తిరిగేవి. వాన పడ్డ కొద్ది గంటల్లోనే ఇదంతా.

2002 నుంచి ఏటా అక్టోబరు, నవంబరుల్లో జనం వాగుల వెంట నడిచి, దొరికిన ఆడచేపల్ని కోసి లెక్క రాశారు. లాంగ్‌ఫెలోలో సగానికి మించి గుడ్లు పెట్టకుండానే పోయేవి. చూడ్డానికి బోరు పని, కంపు పని. నా దృష్టిలో ఈ కథకి ఆయువుపట్టు అదే.

ఆ తర్వాతంతా మేం బగ్ వెతికినట్టే. నీటి వేడి, ఆక్సిజన్, రోగాలు, పురుగుమందులు ఒక్కోటీ కొట్టేశారు. అదే వాగులో చమ్ సాల్మన్ నిక్షేపంగా ఉండేది! రోడ్ల మీంచి వచ్చే వాననీళ్ళు తొట్టెలో పోస్తే కోహో చచ్చింది. అవే నీళ్ళని ఇసుక, కంపోస్టు పొరల్లోంచి వడకడితే బతికింది. చివరికి అనుమానం టైరు అరుగుదల మీద పడింది. అందులోని వందల రసాయనాల్ని వేరుచేస్తూ పోగా, 2020 డిసెంబరులో సైన్స్ పత్రికలో జవాబు వచ్చింది. టైర్లు పగుళ్ళివ్వకుండా కలిపే 6పీపీడీ, గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అవుతుంది. కోహోని చంపేది అదీ.

అంటే టైరుని కాపాడే మందే విషమైంది. టైర్ల ముడిసరుకుల జాబితా ఎంత వెతికినా అది దొరకదు, అది రోడ్డు మీద పుట్టింది కాబట్టి.

2023లో యూరోక్, పుయాలప్, పోర్ట్ గాంబుల్ స్'క్లాలం తెగలు ఈ రసాయనాన్ని టైర్లలో నిషేధించమని ఈపీఏకి అర్జీ పెట్టాయి. పుయాలప్ వాళ్ళకి చేపలు పట్టే హక్కు 1854 ఒప్పందంలోనే ఉంది. చేపే లేకపోతే ఆ హక్కుతో ఏం చేసుకోవాలి? ఆ నవంబరులో ఈపీఏ అర్జీ ఒప్పుకుని నిబంధనల పని మొదలుపెట్టింది. ఈలోగా లాంగ్‌ఫెలో వెంట వలంటీర్లు చలికాలం ముందు ఇంకా నడుస్తూనే ఉన్నారు, కత్తీ నోట్‌బుక్కూ పట్టుకుని.